జూలై ఒకటిన పుట్టని అమ్ములు

ఫోను టింగుమన్నప్పుడు అమ్ములు యూనివర్సిటీ క్యాంటీన్ వంటింట్లో ఉల్లిపాయల బస్తా మూతి విప్పుతోంది. చేతులు తుడుచుకుని చూసింది. ఇంగ్లీషు తరగతుల పుణ్యమా అని రెండు లైన్లు చదవగలిగింది. సిటిజన్‌షిప్ టెస్టు. ముప్పై రోజుల్లోగా రాయాలి. ఉల్లిపాయ కొయ్యకుండానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

పక్క బల్ల మీద క్యారెట్లు తరుగుతున్న డెబ్బీ, "ఎవరికన్నా ఏమన్నా అయిందా?" అని కంగారుగా అడిగింది.

"ఎవరికీ ఏం కాలేదు. పరీక్ష వచ్చింది," అంది అమ్ములు.

కెనడాలో ఈ గ్వెల్ఫ్ ఊళ్లో వాళ్లు కాపురం పెట్టి పదకొండేళ్లయింది. మొగుడు సుబ్బరాజు కారు విడిభాగాల ఫ్యాక్టరీలో మెషీన్ మీద పని చేస్తాడు. అతనూ, కూతురు హర్షిణీ ఆరేళ్ల కిందటే పరీక్ష రాసి, ప్రమాణం చేసి, కెనడా వాళ్లైపోయారు. అమ్ములు మాత్రం పరీక్ష అన్న మాట వినగానే "నాకెందుకండీ, ఇక్కడ ఉండనిచ్చే కార్డు నాకుంది" అని తప్పించుకుంటూ వచ్చింది. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. ఇప్పుడు తప్పించుకునే దారి లేదు. హర్షిణి పెళ్లై, మొగుడు రేవంత్‌తో సరిహద్దు అవతల అమెరికాలో, బఫెలోలో ఉంటోంది. మార్చిలో పురుడు. తొలి పురుడు తల్లే పొయ్యాలి కదా. అదీ గాక, పోయినసారి నాలుగో నెలలో కడుపు పోయింది. అప్పుడు పిల్ల హాస్పిటల్లో పడుకుని "అమ్మా" అని వీడియోలో ఏడుస్తుంటే, రెండు గంటల డ్రైవ్ దూరంలో ఉండి కూడా అమ్ములు వెళ్లలేకపోయింది. ఇండియా పాస్‌పోర్టుతో అమెరికా వీసా లేనిదే సరిహద్దు వంతెన దాటనివ్వరు. వీసాకి అప్లై చేస్తే ఇంటర్వ్యూ వచ్చే ఏడాది చివరికి ఇచ్చారు. అప్పటికి మనవడో మనవరాలో అడుగులేస్తుంటారు. కెనడా పాస్‌పోర్టు ఉంటే వీసాతో పని లేదు. అందుకే గుండె చిక్కబట్టుకుని అప్లికేషన్ పెట్టింది. ఇప్పుడు సెప్టెంబరు. హర్షిణికి నాలుగో నెల జొరబడింది.

ఆ సాయంత్రం కమలకుమారి గారు వచ్చారు. రిటైరైన డాక్టరు, రెండిళ్ల అవతల ఉంటారు. మెయిల్ చదివి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోశారు.

"యాభై అయిదు నిండితే ఈ పరీక్షే లేదు కదే అమ్ములూ. అప్లికేషన్ పెట్టిన రోజుకి నీకెంత?"

"యాభై మూడండి."

"అయ్యో, రెండేళ్లలో తప్పిపోయిందే!" అని ఆవిడ టీ తాగేసి వెళ్లిపోయారు.

అమ్ములు నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా అంటుంది. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరి కారు ఎందుకు మారిందో అడిగి తెలుసుకుంటే గాని నిద్ర పట్టదు ఆమెకి. అలాంటి మనిషి ఆ పూట నోరు కుట్టేసుకుంది. ఎందుకంటే ఆ యాభై మూడు అబద్ధం.

గోదావరి కాలవ పక్క ఊళ్లో, తమ్ముళ్లని ఎత్తుకు తిప్పడంతోనే ఆమె చిన్నతనం గడిచింది. బడికి తీసుకెళ్లేసరికి ఎనిమిదేళ్లు నిండాయి. పీలగా, చింతపుల్లలా ఉండేది. హెడ్మాస్టరు సీతారామారావు గారు అందరు పిల్లలకీ పెట్టినట్టే ఆమెకీ పరీక్ష పెట్టారు. కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోవాలి. చెవి అందితే బడి వయసు వచ్చినట్టు. పిల్ల ఎంత సాగినా వేలి కొస చెవి పైకి తగిలీ తగలనట్టుంది. మాస్టారు నవ్వి, "మొత్తానికి తగిలిందిలే. అయిదేళ్లు," అని రిజిస్టరులో రాసుకున్నారు. పుట్టిన రోజు ఏదంటే తండ్రి "కార్తీకమాసంలో అండి, పెద్ద వాన పడ్డ ఏడు" అన్నాడు. కార్తీకాన్ని ఇంగ్లీషు తేదీలోకి మార్చే ఓపిక ఆయనకెక్కడిది? క్లాసులో సగం మందికి రాసినట్టే ఆమెకీ జూలై ఒకటి వేశారు. ఆ రిజిస్టరులోంచి టీసీ వచ్చింది, టీసీలోంచి పాస్‌పోర్టు వచ్చింది, పాస్‌పోర్టులోంచి కెనడా కార్డు వచ్చింది. ఇక్కడేమో జూలై ఒకటి దేశం పుట్టిన రోజు. ఏటా ఊరంతా బాణసంచా కాలుస్తుంటే సుబ్బరాజు, "నీ కోసమేనే, చూడు చూడు" అని వేళాకోళం చేస్తాడు. ఆమెకి మాత్రం ఆ మోత విన్నప్పుడల్లా ఎవరో తలుపు కొట్టినట్టే ఉంటుంది.

భోజనాల దగ్గర మెల్లగా కదిపింది. "ఏమండీ, నా అసలు వయసు చెప్పేస్తే? పరీక్ష రాసే పని తప్పుతుంది."

సుబ్బరాజు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "నీకేమన్నా మతి పోయిందా? అప్లికేషన్‌లో ఒక తేదీ, ఇప్పుడు ఒక తేదీ అంటే ఏమనుకుంటారు? ఇన్నాళ్లూ అబద్ధం చెప్పింది అనుకుంటారు. ఉన్న కార్డు కూడా పీకేస్తారు. ఈ మాట ఈ గోడలకి కూడా వినపడకూడదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పరీక్ష ఫెయిలైతే పిల్ల దగ్గరికి వెళ్లడం కుదరదు. నిజం చెబితే ఈ ఇంట్లో కూడా ఉండలేదేమో. ఆ రోజు నుంచి గుమ్మంలో పోస్టు పడ్డ చప్పుడుకి కూడా ఉలిక్కిపడడం మొదలుపెట్టింది.

చదువు మొదలైంది. కెనడా గురించి ప్రభుత్వం వేసిన పుస్తకం సుబ్బరాజు ప్రింట్ తీసిచ్చాడు. అమ్ములుకి మనసులో చదవడం రాదు. బడిలో వల్లె వేసి నేర్చుకున్నదే ఆమెకి చదువు. పెదవులు కదలాలి, గొంతు పలకాలి, చెవి వినాలి, అప్పుడే బుర్రలోకి ఎక్కుతుంది. బస్సులో, బాత్రూములో, పోపు వేస్తూ ప్రావిన్సుల పేర్లు, రాజధానుల పేర్లు పాడుకుంటూనే ఉంది. ఆమెకి చదవడం కష్టమనిపించలేదు, పైగా సరదా వేసింది. కొత్త ఇంట్లో అద్దెకు దిగితే పక్కవాళ్ల కులగోత్రాలు తెలుసుకున్నట్టు ఈ దేశం పుట్టుపూర్వోత్తరాలు లాగింది. ఆడవాళ్లకి దేశం మొత్తం మీద ఓటు 1918లో ఇస్తే, క్విబెక్ ప్రావిన్సు తన ఎన్నికలకి 1940 దాకా ఇవ్వలేదని చదివి, రెండు రోజులు అందరినీ అదే అడిగింది. "ఇరవై రెండేళ్లు ఆ ఆడాళ్లు ఎలా ఊరుకున్నారు?"

క్యాంటీన్లో డెబ్బీని అడిగితే ఆమె కత్తి ఆపి నవ్వింది. "నాకేం తెలుసు? నేనిక్కడే పుట్టాను. నన్నెవరూ అడగలేదు. అడిగితే ఫెయిలవుతాను. నన్నెక్కడికి పంపిస్తారు, మా అమ్మ ఇంటికా?"

ఆ మాటని అమ్ములు కమలకుమారి గారి ముందు పెట్టింది. "మరి పుట్టినవాళ్లకి లేని పరీక్ష మనకెందుకండీ డాక్టరమ్మగారూ?"

"కోడలు అత్తారింటికి వస్తే ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలుసుకోవాలా వద్దా? కూతురికి ఎవరు చెప్తారు, పుట్టినప్పటి నుంచీ చూస్తోంది," అన్నారావిడ.

"తెలుసుకోవాలండి. కాదన్నానా? కానీ ఉప్పు డబ్బా చూపిస్తే గాని కన్నకూతుర్ని చూడనివ్వం అంటే ఎలాగండీ?"

కమలకుమారి గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "నువ్వు పాసవుతావులే," అని మాట దాటేశారు.

పాసవడానికి ఇరవైలో పదిహేను రావాలి. సుబ్బరాజు రోజూ ఉత్తుత్తి పరీక్ష పెట్టేవాడు. పైకి చదువుకుంటూ చేస్తే పద్దెనిమిది వచ్చేవి. నోరు మూసుకుని చెయ్యమంటే పద్నాలుగు దాటేవి కావు. ఆ ఒక్క మార్కే ఆమెని పీక్కుతినేది. పైకి చదవకూడదా అంటే, పరీక్ష కంప్యూటర్లో ఇంట్లోనే రాయొచ్చు గాని కెమెరా ఫొటోలు తీస్తూ ఉంటుంది. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. "పెదాలు కదిలితే ఎవరితోనో మాట్లాడుతున్నావనుకుంటారు," అన్నాడు సుబ్బరాజు. దానికి తోడు పిల్లకి నాలుగో నెల. రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి, "పడుకున్నావా, బరువులెత్తలేదు కదా" అని అడిగేది. "అమ్మా, ప్లీజ్, ఐ యామ్ ఫైన్," అని విసుక్కునేది హర్షిణి. ఆ ఫైన్ అన్న మాటలో కూడా వణుకు వెతుక్కునేది తల్లి.

పరీక్షకి శనివారం పగలు కుదుర్చుకున్నారు. పొద్దున్నే అమ్ములు గదిని ఖాళీ చెయ్యడం మొదలుపెట్టింది. దేవుడి పటాల మీద తువ్వాలు కప్పింది. గోడ మీద దండ వేసిన మామగారి ఫొటోని వెనక్కి తిప్పింది.

"అదేంటే?" అన్నాడు సుబ్బరాజు.

"గదిలో ఇంకో మొహం కనపడకూడదన్నారు కదండీ. కెమెరాకి ఫొటో అని తెలుస్తుందా, మనిషి అని తెలుస్తుందా?"

"మా నాన్న పోయి పదేళ్లయింది. బతికుండగా రెండో ఎక్కమే సరిగ్గా రాదు. ఇప్పుడొచ్చి నీకు జవాబులు అందిస్తాడా?"

అమ్ములు నవ్వలేదు. అతన్ని కూడా ఇంట్లో ఉండనివ్వలేదు. దగ్గు వినపడినా ప్రమాదమే అని, కూరలు తెమ్మని పంపేసింది. ఫోను తీసుకెళ్లి వంటింట్లో బియ్యం డబ్బాలో పెట్టింది. పెదవులు కదలకుండా నాలుక కింద ఒక లవంగం పెట్టుకుని, పళ్లు బిగించి కూర్చుంది. కంప్యూటరు నెత్తిన చిన్న పచ్చ దీపం వెలిగింది. అది తనని కాదు, జూలై ఒకటినే చూస్తున్నట్టనిపించింది ఆమెకి.

నలభై అయిదు నిమిషాలు. ఇరవై ప్రశ్నలు. ఒక్కో ప్రశ్న నాలుగుసార్లు చూపుతో తడుముకుని, లవంగం కొరుకుతూ, పదకొండో ప్రశ్న దాకా వచ్చింది. అప్పుడు బియ్యంలోంచి ఫోను మోగింది.

ఆగింది. మళ్లీ మోగింది. శనివారం ఈ వేళకి పరీక్ష అని అందరికీ తెలుసు. తెలిసి కూడా చేస్తున్నారంటే? మూడోసారి మోగింది. గడియారంలో ఇరవై మూడు నిమిషాలు మిగిలాయి. లేస్తే కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది. పరీక్ష పోతే పిల్ల దగ్గరికి వెళ్లడం కుదరదు. ఈ పరీక్ష ఎవరి కోసం? ఆ మోగే ఫోను ఎవరిది?

లేచింది.

బియ్యం చెల్లాచెదరైంది. "అమ్మా," అంది హర్షిణి గొంతు. ఇంగ్లీషు లేదు, విసుగు లేదు. "బ్లడ్ కనపడిందమ్మా. కొంచెమే. రేవంత్ డ్రైవ్ చేస్తున్నాడు, హాస్పిటల్‌కి వెళ్తున్నాం. సారీ అమ్మా, నీ టెస్టు..."

"టెస్టు గంగలో కలవనీ. ఎడమ పక్కకి ఒరిగి పడుకో. భయపడకు. ఎర్రగా ఉందా, గోధుమ రంగులో ఉందా? నొప్పుందా? నేను లైన్లోనే ఉంటాను."

హాస్పిటల్ వాళ్లు పిల్లని లోపలికి తీసుకెళ్లేదాకా మాట్లాడింది. తర్వాత రేవంత్ ఫోన్ పెట్టేశాడు. చేసేదేం లేక, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక, మళ్లీ వచ్చి ఆ కుర్చీలోనే కూలబడింది. తొమ్మిది నిమిషాలు మిగిలాయి. లవంగం ఎక్కడో పడిపోయింది. పెదవులు కదులుతున్నాయో లేదో చూసుకోలేదు. పైకే చదివింది, పైకే ఏడ్చింది, పైకే జవాబు చెప్పుకుని నొక్కింది.

పదహారు వచ్చాయి.

సుబ్బరాజు కూరల సంచి పట్టుకుని వచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. రెండు గంటలకి రేవంత్ ఫోన్ చేశాడు. బిడ్డ గుండె కొట్టుకుంటోంది, మాయ కిందికి ఉంది, పురుడు వచ్చేదాకా హర్షిణి మంచం దిగకూడదు. అంటే మంచం మీదున్న పిల్లకి అన్నం పెట్టడానికి మనిషి కావాలి. అమ్ములు సంతోషపడడానికి కూడా భయపడింది.

భయపడ్డట్టే అయింది. నవంబరులో ఇంకో మెయిల్ వచ్చింది. పరీక్ష నడుస్తుండగా దరఖాస్తుదారు కెమెరాలో కనిపించలేదు గనక ఆఫీసరు వీడియోలో మాట్లాడతారట. పాస్‌పోర్టు, కాగితాలు అన్నీ దగ్గర పెట్టుకోవాలట.

"తేదీ గురించి మాత్రం నోరెత్తకు," అని సుబ్బరాజు ఆ వారమంతా ఏడుసార్లు చెప్పాడు. "అడిగినదానికే జవాబు. నువ్వు ఎదురు ప్రశ్నలు వెయ్యొద్దు. నీ నోటికి దణ్ణం పెడతాను."

ఆఫీసరు నడివయసు ఆడమనిషి. మొహంలో కోపమూ లేదు, నవ్వూ లేదు, అదే ఎక్కువ భయం పుట్టించింది. నిజమే చెబుతానని ముందు ప్రమాణం చేయించింది. తర్వాత పేరు, పుట్టిన తేదీ చెప్పమంది.

అమ్ములు ప్రధానమంత్రుల పేర్లకి సిద్ధపడింది, రైలు మార్గాలకి సిద్ధపడింది. ఈ ప్రశ్న మొదటే వస్తుందనుకోలేదు.

"జూలై ఒకటి, డెబ్బై ఒకటి," అంది.

ఆఫీసరు మొదటిసారి నవ్వింది. "ఓ! కెనడా డే రోజు పుట్టారే!"

ఆ నవ్వు దగ్గరే అమ్ములు ఆగిపోయింది. కసిరినా తట్టుకునేది. అబద్ధాన్ని మెచ్చుకుంటుంటే తట్టుకోలేకపోయింది. ఇప్పుడే నిజం చెబుతానని చెయ్యెత్తింది, ఆ చెయ్యి ఇంకా పూర్తిగా దించనైనా లేదు.

"కాదు మేడమ్," అంది. తనకొచ్చిన ఇంగ్లీషులో, తడబడుతూ, అంతా చెప్పేసింది. కాలవ పక్క ఊరు, ఎత్తుకు తిప్పిన తమ్ముళ్లు, సీతారామారావు మాస్టారు. మాట సరిపోనిచోట కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకుని చూపించింది. "అప్పుడు సరిగ్గా అందలేదు మేడమ్. అందుకే అయిదు అని రాశారు. నాకప్పటికి ఎనిమిది. కార్తీకమాసం. ఇంగ్లీషు తేదీ మా అమ్మకి కూడా తెలీదు."

ఆఫీసరు కాగితం మీద లెక్క వేసుకుంది. "అయితే మీకు అప్లికేషన్ నాటికి యాభై అయిదు దాటి ఉండాలి. అసలు ఈ పరీక్షే రాయక్కర్లేదు. తెలుసా?"

"తెలుసు మేడమ్. కానీ కాగితం అలా అనడం లేదు కదా."

"పుట్టిన సర్టిఫికెట్ ఉందా?"

"మంత్రసాని ఉండేది. పోయింది."

ఆఫీసరు తల వంచుకుని ఏదో టైపు చేసింది. ఆ కీల చప్పుడు ఒక్కొక్కటీ అమ్ములు చెవిలో మేకు దిగినట్టు దిగింది. అయిపోయింది, పీకేస్తారు, పదకొండేళ్ల కాపురం, పిల్ల మంచం మీద... తల ఎత్తకుండానే ఆఫీసరు అడిగింది. "పరీక్ష మధ్యలో ఎందుకు లేచారు?"

"నా కూతురికి రక్తం పోయింది మేడమ్. పోయినసారి కూడా అలాగే పోయింది, బిడ్డ దక్కలేదు. ఫోను మోగితే కూర్చోలేకపోయాను."

"అప్పుడు పుస్తకం చూడలేదా?"

"పుస్తకం మా ఆయన కారులో ఉంది. నన్నిప్పుడు అడగండి మేడమ్. నోటితో అడిగితే నాకు వచ్చు. నోరు మూసుకుంటేనే రాదు."

ఆఫీసరు అయిదు ప్రశ్నలు అడిగింది. అమ్ములు అయిదుకీ జవాబు చెప్పింది, నాలుగోదానికి అడగనిది కూడా కలిపి చెప్పింది. నోరు తెరుచుకున్నాక సుబ్బరాజు పెట్టిన దణ్ణాలు గుర్తుంటాయా? "మేడమ్, మీకేమన్నా తెలుసా, ఆ క్విబెక్ ఆడాళ్లు ఇరవై రెండేళ్లు ఎలా ఊరుకున్నారు?"

"ఊరుకోలేదు," అంది ఆఫీసరు. "ఏటా వెళ్లి అడిగారు. మా నాయనమ్మ అక్కడిదే." వెంటనే మొహం మళ్లీ మూసుకుంది. "నిర్ణయం తర్వాత తెలియజేస్తాం." తెర నల్లబడింది.

పక్క గదిలో తలుపుకి చెవి ఆనించి ఉన్న సుబ్బరాజు లోపలికి వచ్చి గోడకి చేరగిలబడ్డాడు. తిట్టడానికి కూడా అతనికి ఓపిక లేదు. "ఎందుకు చెప్పావే?" అన్నాడు.

"ఆవిడ నవ్విందండీ," అంది అమ్ములు.

ఆ తర్వాత ఏడు వారాలు వాళ్లింట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఆవిడ ఏం టైపు చేసింది? అదొక్కటే ప్రశ్న. క్యాంటీన్లో ఉల్లిపాయలు తరుగుతూ అమ్ములు రెండుసార్లు వేలు కోసుకుంది. ఇంటి ముందు తెల్ల కారు ఆగితే కర్టెన్ సందులోంచి చూసేది, ఎవరింటికి ఎవరొచ్చారన్న ఆరాటంతో కాదు, తన కోసమేనేమోనని. హర్షిణికి ఈ సంగతేమీ చెప్పలేదు. "వస్తాను తల్లీ, కాగితాలు వస్తున్నాయి," అని ప్రతి రోజూ అదే మాట. రేవంత్ ఆఫీసుకి వెళ్తే పిల్ల పొద్దున్నించి సాయంత్రం దాకా మంచం మీద ఒక్కతే. ఫోను ఛాతీ మీద పెట్టుకుని పడుకునేది.

జనవరిలో మూడో మెయిల్ వచ్చింది. తెరవడానికి ధైర్యం చాలక కమలకుమారి గారిని పిలుచుకొచ్చింది. ఆవిడ చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ప్రమాణానికి రమ్మన్నారే."

ప్రమాణం కూడా వీడియోలోనే. వందమంది మొహాలు తెర మీద గళ్లు గళ్లుగా. కుడి చెయ్యి ఎత్తి, రాజుగారి పేరు మీద చెప్పమన్న మాటలన్నీ చెప్పింది. అంతకు ముందే తెర మీది ఆఫీసు మనిషి కత్తెర తీసుకోమంది. ఇన్నాళ్ల కెనడా కార్డుని కెమెరా ముందు ముక్కలు చెయ్యాలి. అమ్ములు కూరకి కొత్తిమీర కత్తిరించే కత్తెర తీసుకుంది. చేతికి కొత్తది రాకముందే ఉన్నది కోసెయ్యాలా? మళ్లీ ఏదన్నా తేడా వస్తే తనెవరు? ఏ దేశపు మనిషి? అందరూ కోస్తున్నారు. కోసింది. జూలై ఒకటి ఉన్న ముక్కని మాత్రం పారెయ్యలేదు. పోపుల పెట్టెలో మెంతుల గిన్నె కింద దాచింది.

పాస్‌పోర్టు ఫిబ్రవరి చివర్లో వచ్చింది. మొట్టమొదట చూసింది తేదీనే. జూలై ఒకటే. ఆవిడ ఏం టైపు చేసిందో అమ్ములుకి ఇప్పటికీ తెలీదు.

మర్నాడు తెల్లారేసరికి కారు ఎక్కారు. ఒళ్లో వాము, శొంఠి, కాయం కట్టిన మూట. మంచు పడుతోంది. వంతెన దగ్గర బూత్‌లో మనిషి పాస్‌పోర్టు తిప్పి తిప్పి చూశాడు. ఎందుకు వెళ్తున్నారని అడిగాడు.

"కూతురు పురుడు," అని తెలుగులో అనేసి, గతుక్కుమని ఇంగ్లీషులో మళ్లీ చెప్పింది.

అతను తేదీ చూసి కనుబొమలెత్తాడు. ఏదో అనబోయి, వెనకాల కార్ల వరస చూసి, పాస్‌పోర్టు తిరిగిచ్చి చెయ్యి ఊపాడు. సుబ్బరాజు కారు కదిలించాడు.

ఫోను మోగింది.

"ఎక్కడున్నావమ్మా?"

"వచ్చేశాం తల్లీ. వంతెన దాటాం."

"భయమేసిందా?"

"ఇంకా వేస్తూనే ఉంది," అంది అమ్ములు, వెనక్కి తిరిగి ఆ బూత్ వైపు చూస్తూ. "నువ్వు ఎడమ పక్కకే పడుకున్నావా?"